కిడ్నీ ధమనిలో సన్నని తీగ: రక్తపోటుకు వచ్చిన కొత్త చికిత్సను అర్థం చేసుకుందాం

రక్తపోటు ఉన్నవారిలో ఎక్కువమందికి ఒంట్లో ఏ బాధా తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, పనికి అడ్డం రాదు. అందుకే మాత్రలు నాలుగు రోజులు వేసుకుని ఐదో రోజు మానేస్తారు. ఇలాంటి జబ్బుకు "ఒక్కసారి చేయించుకుంటే చాలు" అనే చికిత్స ఏదైనా వచ్చిందంటే దాని మీద ఆశ పుట్టడం సహజం. "కిడ్నీ నరాన్ని కాల్చి బీపీ తగ్గిస్తారట" అన్న మాట ఆ విధంగానే జనంలోకి వచ్చింది. ఈ మాటలో నిజం ఉంది. కానీ ఆ నిజం ఎంత, ఎవరికి, ఎంత ఖర్చుకు అన్నది తెలుసుకోకపోతే, ఆశతో అప్పు చేసే కుటుంబాలు నష్టపోతాయి. వైద్య సహాయం కోసం చందాలు పోగుచేసే మనలాంటి సంస్థలకు కూడా ఈ విషయం తెలిసి ఉండాలి. మేము వైద్యులం కాము, పాఠాలు చెప్పేవాళ్ళం. కాబట్టి తరగతి గదిలో చెప్పినట్టే, మొదటి మెట్టు నుంచి చెబుతాము.

నరం అంటే ఏది?

ముందు ఒక మాట దగ్గర జాగ్రత్త పడాలి. మన వాడుకలో "నరానికి ఇంజెక్షన్ చేశారు" అంటాం. అక్కడ నరం అంటే రక్తనాళం. "నరాల బలహీనత" అంటాం. అక్కడ నరం అంటే మెదడు నుంచి కబుర్లు మోసే తీగ. ఒకే మాటకు రెండు అర్థాలు. ఈ పాఠంలో రెండూ వస్తాయి కాబట్టి విడదీసి పిలుచుకుందాం. రక్తం ప్రవహించే గొట్టాన్ని "ధమని" అందాం. కబురు మోసే తీగను "నాడీ తంతువు" అందాం. ఈ కొత్త చికిత్సలో కాల్చేది ధమనిని కాదు, ధమని గోడను అల్లుకుని ఉన్న సన్నని నాడీ తంతువులను. ఈ తేడా తెలిస్తే సగం భయం, సగం అపోహ పోతాయి.

బీపీకీ కిడ్నీకీ సంబంధం ఏమిటి?

గుండె పంపు అయితే ధమనులు పైపులు. పైపుల్లో ఒత్తిడి రెండు కారణాల వల్ల పెరుగుతుంది: లోపల నీరు ఎక్కువైనా పెరుగుతుంది, పైపు ఇరుకైనా పెరుగుతుంది. ఈ రెండింటి మీదా కిడ్నీకి అధికారం ఉంది. ఉప్పును, నీటిని ఎంత ఉంచుకోవాలో, ఎంత బయటికి పంపాలో నిర్ణయించేది కిడ్నీయే. అంతేకాదు, కిడ్నీ "రెనిన్" అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దాని వల్ల మొదలయ్యే రసాయన చర్యల వరస చివరికి రక్తనాళాలను బిగిస్తుంది. స్వీడన్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1898లోనే కుందేళ్ళ కిడ్నీల నుంచి ఈ రెనిన్‌ను గుర్తించారు.

మరి కిడ్నీకి ఆజ్ఞ ఇచ్చేది ఎవరు? మన శరీరంలో "సింపథెటిక్" అనే నాడీ వ్యవస్థ ఉంది. కుక్క వెంటపడినప్పుడు గుండె దడదడలాడించి, పరుగు తీయించేది అదే. ఆ వ్యవస్థ తంతువులు కిడ్నీ ధమని వెంట తీగలా పాకి కిడ్నీని చేరతాయి. పైనుంచి కబురు అందగానే కిడ్నీ ఉప్పును ఆపేస్తుంది, రెనిన్ వదులుతుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ఈ దారిలో రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. కిడ్నీ నుంచి మెదడుకు కూడా కబుర్లు వెళతాయి. అవి మొత్తం ఒంటిలోని సింపథెటిక్ వ్యవస్థను ఇంకా రెచ్చగొట్టగలవు. కొందరు రోగుల్లో ఈ కబుర్లు అవసరానికి మించి నిరంతరం నడుస్తూ ఉంటాయి. కుక్క లేదు, పరుగు లేదు, అయినా ఒత్తిడి మాత్రం తగ్గదు. ఆ రొదను తగ్గిస్తే రక్తపోటు తగ్గాలి. ఈ చికిత్స వెనక ఉన్న ఆలోచన ఇంతే.

కత్తి నుంచి క్యాథెటర్ దాకా

నాడీ వ్యవస్థను శాంతింపజేసి రక్తపోటు తగ్గించవచ్చన్న ఆలోచన మన దేశానికి కొత్త కాదు. సర్పగంధ మొక్క వేరును ఆయుర్వేదంలోనూ యునానీలోనూ వాడేవారు. యునానీ హకీములు దాన్ని అస్రోల్ అంటారు. హకీమ్ అజ్మల్ ఖాన్ ఢిల్లీలో నడిపిన తిబ్బియా కళాశాలలో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఆ వేరు నుంచి కొన్ని సారాలను వేరుచేసి, ఒకదానికి తన పెద్దాయన పేరుతో "అజ్మలీన్" అని పేరు పెట్టారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో సర్పగంధతో రక్తపోటు తగ్గుతుందని ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాక ప్రపంచం అటు చూసింది. తరవాత అందులోంచి తీసిన రిసర్పిన్ అనే మందు సింపథెటిక్ తంతువుల చివర ఉండే కబురు పదార్థాన్ని ఖాళీ చేసి ఒత్తిడి తగ్గిస్తుందని తేలింది.

అదే కాలంలో, అంటే 1930 నుంచి 1950ల వరకు, పాశ్చాత్య దేశాల్లో శస్త్రవైద్యులు వీపు దగ్గర కోసి సింపథెటిక్ నాడులను కత్తిరించేవారు. కొందరికి రక్తపోటు బాగా తగ్గింది. కానీ అది పెద్ద ఆపరేషన్. పైగా ఆ తరవాత లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోయేవారు. మంచి మాత్రలు రావడంతో ఆ పద్ధతి మూలపడింది. ఆలోచన సరైనదే, మార్గం మొరటుది. కిడ్నీకి వెళ్ళే తంతువులను మాత్రమే, కోత లేకుండా చేరుకునే దారి కావాలి.

ఆ దారి క్యాథెటర్. ఈ మాట వినగానే మనకు మూత్రానికి వేసే గొట్టం గుర్తొస్తుంది. అదీ క్యాథెటరే. వెయ్యేళ్ళ కిందట కొర్దోబాలో ఉన్న మహా శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ వెండితో చేసిన మూత్రనాళపు గొట్టాన్ని తన గ్రంథంలో వర్ణించారు. రక్తనాళంలోకి క్యాథెటర్‌ను పంపే సాహసం చాలా తరవాతిది. జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు 1929లో తన చేతి రక్తనాళం గుండా తన గుండె దాకా తానే గొట్టం పంపుకుని చూపించాడు. 1956లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈరోజు మన ఊళ్ళో ఎవరికైనా యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారంటే ఆ దారిలోనే.

పరికరం ఎలా పనిచేస్తుంది?

విశాఖవాసులకు ఈ పని చెప్పడం తేలిక. మన ఓడరేవు లోపలి హార్బరులోకి పెద్ద ఓడ తనంతట తాను రాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ తెలిసిన పైలట్ ఎక్కి, దారి చూపించి తీసుకొస్తాడు. అలాగే వైద్యుడు గజ్జ దగ్గర తొడ ధమనిలోకి ముందు ఒక సన్నని దారితీగను పంపుతాడు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ దాన్ని కిడ్నీ ధమనిలోకి చేరుస్తాడు. ఆ తీగ వెంట క్యాథెటర్ నడుస్తుంది. కాల్చేటప్పుడు నొప్పి ఉంటుంది కాబట్టి రోగికి మత్తు, నొప్పి తగ్గే మందు ఇస్తారు. రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. కుడి ఎడమ ధమనులు రెండింటికీ చేస్తారు.

ఇప్పుడు ముఖ్యంగా రెండు రకాల పరికరాలు ఉన్నాయి.

మొదటిది రేడియో తరంగాల వేడితో పనిచేసేది. మెడ్‌ట్రానిక్ సంస్థ తయారుచేసే "సింప్లిసిటీ స్పైరల్" ఈ రకం. లోపల దారితీగ ఉన్నంతసేపు ఇది తిన్నగా ఉంటుంది. తీగను వెనక్కి లాగగానే స్ప్రింగులా మెలి తిరిగి ధమని గోడకు ఆనుకుంటుంది. మెలిక మీద నాలుగు చోట్ల విద్యుత్ బిందువులు ఉంటాయి. మెలిక తిరిగి ఉండటం వల్ల అవి గోడకు నాలుగు వైపులా తగులుతాయి. ఒక్కొక్కసారి 60 సెకండ్లు వేడి ఇస్తారు. పారే రక్తం లోపలి పొరను చల్లబరుస్తూ ఉంటుంది, వేడి మాత్రం బయటి పొరలోని నాడీ తంతువులను చేరుతుంది.

రెండోది అల్ట్రాసౌండ్ తరంగాలతో పనిచేసేది. రెకార్ సంస్థ "ప్యారడైజ్" ఈ రకం. దీని కొసన చిన్న బెలూన్, దాని మధ్యలో తరంగాలను పుట్టించే భాగం ఉంటాయి. బెలూన్‌లో శుద్ధమైన నీరు తిరుగుతూ ధమని లోపలి గోడను కాపాడుతుంది. మన ఉక్కు కర్మాగారంలోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేసుల గోడలు కరిగిపోకుండా చుట్టూ నీరు తిప్పుతారని అక్కడ పనిచేసినవారికి తెలుసు. సూత్రం అదే: వేడి చేరవలసిన చోటికి చేరాలి, గోడ మాత్రం నిలవాలి. ఇందులో ఒక్కొక్కసారికి పట్టేది 7 సెకండ్లు.

సన్నని సూదులతో ధమని గోడ బయటి పొరలోకి ఆల్కహాల్ చిమ్మి తంతువులను చంపే మూడో పద్ధతి మీద కూడా పరిశోధన జరిగింది.

2014 నేర్పిన పాఠం

ఇక్కడి నుంచి కథ జాగ్రత్తగా వినాలి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యుడు హెన్రీ క్రమ్, ఆయన సహచరులు 2009లో మొదటి ఫలితాలు ప్రకటించారు. మాత్రలకు లొంగని రోగుల్లో పై అంకె 25కు మించి తగ్గిందని తేలింది. 2010లో వచ్చిన రెండో పరీక్షలో 30కి పైగా తగ్గింది. ఇక బీపీ సమస్య తీరిపోయినట్టే అనుకున్నారు.

కానీ ఆ పరీక్షల్లో ఒక లోపం ఉంది. చికిత్స జరిగిందని రోగికి తెలుసు, వైద్యుడికీ తెలుసు. చికిత్స జరిగిందన్న నమ్మకంతోనే మనసు కుదుటపడి కొంత బీపీ తగ్గుతుంది. వైద్యుల నిఘా ఉందని మానేసిన మాత్రలు మళ్ళీ వేసుకుంటారు, అప్పుడూ తగ్గుతుంది. ఈ తగ్గుదలను చికిత్స ఖాతాలో వేయకూడదు కదా? అందుకని అమెరికాలో 535 మందితో మూడో పరీక్ష చేశారు. కొందరికి నిజంగా నాడీ తంతువులను కాల్చారు. మిగిలినవారికి క్యాథెటర్‌తో యాంజియోగ్రామ్ మాత్రం తీసి, కాల్చకుండా వదిలేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు చెప్పలేదు. 2014లో ఫలితం వచ్చింది. కాల్చినవారిలో పై అంకె సుమారు 14 తగ్గింది. కాల్చనివారిలోనూ సుమారు 12 తగ్గింది! తేడా లెక్కలోకి రానంత చిన్నది.

ఆ రోజుతో ఈ చికిత్స ముగిసిందనే చాలామంది అనుకున్నారు. అయితే పరిశోధకులు వెనక్కి వెళ్ళి కారణాలు వెతికారు. అప్పటి క్యాథెటర్‌కు ఒకే విద్యుత్ బిందువు ఉండేది. చాలామందిలో ధమని చుట్టూ అన్ని వైపులా కాల్చలేదు. పరీక్ష మధ్యలో మందులు కూడా మారాయి. ఆ లోపాలు సవరించి, నాలుగు బిందువుల మెలిక క్యాథెటర్‌తో, ధమని కొమ్మలలో కూడా కాల్చి, మళ్ళీ అదే కఠినమైన పోలికతో పరీక్షించారు. 2020లో 331 మందితో, మాత్రలు ఆపి చేసిన పరీక్షలో నిజమైన తేడా కనిపించింది. 24 గంటల సగటులో ఇంచుమించు 4, వైద్యుని గదిలో చూసినప్పుడు 6 నుంచి 7. మూడు రకాల మందులు కలిసిన ఒకే మాత్ర వాడుతున్నవారి మీద అల్ట్రాసౌండ్ పరికరంతో చేసిన పరీక్షలో పగటి సగటు తేడా 4.5. మాత్రలు వాడుతున్నవారి మీద స్పైరల్‌తో చేసిన మరో పరీక్షలో మాత్రం 24 గంటల సగటులో స్పష్టమైన తేడా రాలేదు. ఈ సాక్ష్యాన్నంతా తూచి 2023 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెండు పరికరాలకూ అనుమతి ఇచ్చింది.

విద్యార్థులకు మేము ఎప్పుడూ చెప్పే మాటకు ఇది మంచి ఉదాహరణ. పోలిక లేని లెక్క లెక్క కాదు. "ఫలానావారికి బాగా తగ్గిందట" అన్నది కబురు మాత్రమే. చేయించుకోనివారికి ఎంత తగ్గిందో కూడా చెప్పినప్పుడే అది జ్ఞానం.

4, 5 పాయింట్లకు విలువ ఉందా?

ఉంది. మందులతో చేసిన పెద్ద పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పై అంకె 5 తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు పదో వంతు తగ్గుతాయని తేలింది. కాబట్టి ఇది చిన్న మేలు కాదు. కానీ రెండు సంగతులు మరవకూడదు. మొదటిది, ఒక మంచి మాత్ర కూడా దాదాపు ఇంత, లేదా ఇంతకంటే ఎక్కువే తగ్గిస్తుంది. రెండోది, నాడీ తంతువులను కాల్చడం వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు నేరుగా తగ్గాయని చూపిన పెద్ద పరీక్ష ఇంకా లేదు.

కాబట్టి ఇది మాత్రలకు బదులు కాదు, తోడు. 170 ఉన్న మనిషికి 5 తగ్గితే 165 అవుతుంది, 120 కాదు. చికిత్స అయిన మర్నాడే మాత్రలు మానేయడం ప్రమాదం. ఫలితం కూడా వారాలు, నెలలు గడిచాకే కనిపిస్తుంది. కొందరిలో ఆశించినంత తగ్గదు. తంతువులు సరిగా కాలాయో లేదో బల్ల మీదే చెప్పే తేలికైన పరీక్ష లేకపోవడం ఈ పద్ధతికి ఉన్న లోటు.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు?

మూడు రకాల మందులు, అందులో ఒకటి ఒంట్లో నీరు తీసే మాత్ర, తగిన మోతాదులో క్రమం తప్పక వాడుతున్నా 140/90 కంటే కిందికి రానివారు ఉంటారు. మందులు ఒంటికి పడనివారూ ఉంటారు. ప్రధానంగా వీరి గురించే వైద్యులు ఈ చికిత్సను ఆలోచిస్తారు. అంతకు ముందు రక్తపోటుకు వేరే మూలం ఉందేమో వెతకాలి. కిడ్నీ ధమని ఇరుకవడం, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో దోషం, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం ఇలాంటివి. మూలం దొరికితే చికిత్స దానికే చేయాలి. గర్భిణులకు, ధమనులు మరీ సన్నగా ఉన్నవారికి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇది తగదు.

ఈ చివరి మాట మన ఉత్తరాంధ్రవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఉద్దానం నుంచి కిడ్నీ రోగులు విశాఖ ఆసుపత్రులకు వస్తుంటారు. "కిడ్నీ దగ్గర చేసే చికిత్స" అని విని వారు ఆశపడవచ్చు. ఇది కిడ్నీ జబ్బుకు చికిత్స కాదు. పాడైన కిడ్నీని ఇది బాగుచేయదు, డయాలసిస్‌ను తప్పించదు.

ప్రమాదాలు తక్కువే గాని లేకపోలేదు. గజ్జ దగ్గర రక్తస్రావం, వాపు రావచ్చు. ఎక్స్‌రేలో కనిపించడానికి వాడే రంగు మందు బలహీనమైన కిడ్నీలను ఇబ్బంది పెట్టవచ్చు. అరుదుగా ధమని గోడ చీరుకోవడం, తరవాత ఇరుకవడం జరగవచ్చు.

ముందు మెట్లు ఎక్కుదాం

మాత్రలకు లొంగని బీపీ అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం అసలు మాత్రలే సరిగా వేసుకోని బీపీ. మన దేశంలో పెద్దవాళ్ళలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి రక్తపోటు ఉందని, అదుపులో ఉన్నది వారిలో ఎనిమిదో వంతుకేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లోటును పూడ్చడానికే 2017లో కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదట చేరిన 5 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అక్కడ వాడిన ఆయుధం క్యాథెటర్ కాదు: సరిగా కొలవడం, చవకైన మంచి మాత్రలు, నెలనెలా రోగిని మళ్ళీ పిలవడం.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, దావత్‌లలో బిర్యానీ మీద మళ్ళీ చల్లే ఉప్పు, అన్నీ ఆ చెంచాలోనే లెక్క. రేవులో బరువులు మోసేవారు, కర్మాగారంలో షిఫ్టులు చేసేవారు ఒళ్ళు నొప్పులకని దుకాణంలో కొని మింగే నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. పొగాకు సంగతి చెప్పనక్కరలేదు.

రంజాన్‌కు ముందు బీపీ రోగులు వైద్యుని కలిసి మాత్రల వేళలను సహరీకి, ఇఫ్తార్‌కు మార్పించుకోవాలి. సొంతంగా మానేయకూడదు. జబ్బుపడినవారికి ఉపవాసంలో మినహాయింపును మన ధర్మమే ఇచ్చింది. శరీరం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకోవడం కూడా బాధ్యతే.

సొసైటీ ముందున్న లెక్క

ఒక కుటుంబం వచ్చి, ఇంటి పెద్దకు ఈ చికిత్స చేయించడానికి సహాయం కావాలని అడిగిందనుకుందాం. ఈ క్యాథెటర్ ఒక రోగికి వాడి పారేసేది, విదేశీ సంస్థలు తయారుచేసేది. అందుకే ఖర్చు పెద్దది. గుండె స్టెంట్ల ధరలకు 2017లో కేంద్రం పరిమితి పెట్టాక అవి సామాన్యులకు దగ్గరయ్యాయి. పెదగంట్యాడ దగ్గర 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ లాంటి చోట్ల ఇలాంటి పరికరాలు కూడా తయారయ్యే రోజు వస్తే ధర మారవచ్చు. ఇవాళ్టికి మాత్రం ఒక్కరి చికిత్సకు అయ్యే డబ్బుతో ఎంతోమందికి ఏళ్ళ తరబడి మాత్రలు కొనిపెట్టవచ్చు.

అందువల్ల ఆ కుటుంబాన్ని కాదని పంపేయమని మేము అనడం లేదు. వారితో కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు తెచ్చుకోమనాలి:

1. బీపీని ఇంట్లో, లేదా 24 గంటల యంత్రంతో కొలిచి నిర్ధారించారా?
2. మూడు మందులు కనీసం కొన్ని నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా వాడారా?
3. రక్తపోటుకు వేరే మూలం లేదని పరీక్షలు చేశారా?
4. కిడ్నీ పనితీరు, ధమనుల కొలత ఈ చికిత్సకు తగినట్టు ఉన్నాయా?
5. చికిత్స చేసే వైద్యుడే కాక, కె.జి.హెచ్. వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో మరో వైద్యుని అభిప్రాయం తీసుకున్నారా?
6. ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందగాని, బీమా కిందగాని ఖర్చు వస్తుందా?
7. ఎంత తగ్గవచ్చో, మాత్రలు కొనసాగించాలో లేదో వైద్యుడు స్పష్టంగా చెప్పారా?

ఏడింటికీ సరైన జవాబులు ఉంటే ఆ రోగికి ఇది నిజంగా మేలు చేసే అవకాశం ఉంది. సహాయం చేయడం పుణ్యకార్యం. రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతే వారికి కావలసింది క్యాథెటర్ కాదు, నెల మాత్రలు, వాటిని గుర్తుచేసే ఒక మనిషి. ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ పరీక్ష, మాత్రలు ఉచితంగా దొరుకుతాయి. జుమా నమాజు తరవాత మసీదు ఆవరణలో బల్ల వేసి, ఒక బీపీ యంత్రంతో ఇద్దరు యువకులు కూర్చుని, పేరు, అంకె ఒక పుస్తకంలో రాస్తే చాలు. ఆడవారికి మహిళా విభాగం అదే పని చేయాలి. వచ్చే సంచికలో ఆ పుస్తకంలోని లెక్కలు అచ్చు వేయగలిగితే మనం నిజమైన పని చేసినట్టు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, మేలు చేసే జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.